గవ్వలు, మిక్సీ మోత, లావా దీపాలు: కీ కోసం ర్యాండమ్ ఎక్కడినుంచి తెచ్చుకోవాలి?

బోరుబావి (కదిరి)
అందరికీ నమస్కారం. పొలం దగ్గర బోరు మోటారును ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే పెట్టె ఒకటి ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టి కడుతున్నా. మాది బాగా నడుస్తోందని పక్క పొలాల వాళ్లూ అడుగుతున్నారు. ఒకరి ఫోన్‌తో ఇంకొకరి మోటారు తిరక్కూడదు కాబట్టి ప్రతి పెట్టెకూ వేరే 128 బిట్ల ఏఈఎస్ కీ (మెసేజ్‌లకు తాళం వేసే రహస్య అంకె) పెట్టాల, అది ర్యాండమ్‌గా, అంటే ఎవరూ ఊహించలేనట్టుగా ఉండాల. ఇక్కడే ఆగినా.

ఖాళీగా వదిలేసిన అనలాగ్ పిన్‌ను చదివి, ఆ అంకెను ర్యాండమ్‌సీడ్‌కు (ర్యాండమ్ అంకెల వరస ఎక్కడ మొదలవాలో చెప్పే అంకె సీడ్, దాన్ని పెట్టే ఫంక్షన్ ఇది) ఇవ్వడం ఇలాంటి చిన్న బోర్డుల ఆర్డుయినో పాఠాల్లో అంతటా కనిపిస్తుంది. అది కీలకు పనికిరాదని ఒక మిత్రుడు అన్నాడు. ఇంకోపక్క క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు గోడ నిండా లావా దీపాలు (లోపల రంగు మైనం ముద్దలు పైకీ కిందికీ తేలే అలంకార దీపాలు) పెట్టి, వాటి ఫొటోల నుంచి ర్యాండమ్ తీస్తారని చదివినా. మా ఇంట్లో లావా దీపం లేదు గానీ అవ్వ గవ్వలున్నాయి, మిక్సీ ఉంది, పేకముక్కలున్నాయి. నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా. వీటితో కీ చేయొచ్చా?

ఓరుగల్లు_వాడు
అన్నా, మా గల్లీల కరెంటు ఎప్పుడు పోతదో ఆ టైము రాసిపెట్టుకో. దాన్ని మించిన ర్యాండమ్ లేదు.

కెర్నల్_కాంతం
తమ్ముడూ, నువ్వు సరదాకి అన్నా మంచి ఉదాహరణే ఇచ్చావు. కరెంటు ఎప్పుడు పోతుందో ముందుగా ఎవరికీ తెలియదు, నిజమే. పోయాక మాత్రం గల్లీ అంతటికీ తెలుసు. కీకి కావలసింది ముందుగా ఊహించలేకపోవడం ఒక్కటే కాదు, జరిగిపోయాక కూడా అవతలివాడికి తెలియకుండా ఉండాలి. సెకన్లతో సహా రాసుకున్నా రోజుకు 86,400 సెకన్లే, అంటే 17 బిట్లు కూడా నిండవు (ఒక్కో బిట్‌కూ అవకాశాలు రెట్టింపు). ఏ గంటలో పోయిందో తెలిసినవాడికి 3,600 ప్రయత్నాలు చాలు.

బోరుబావి గారూ, మీ మిత్రుడి మాట నిజం. ఆర్డుయినో యూనోలో అనలాగ్ పిన్ చదివితే వచ్చేది 0 నుంచి 1023 లోపు అంకె. ఎంత బాగా ఆడినా 1,024 సీడ్‌లు. దాన్నుంచి తీసిన కీ చూడ్డానికి 128 బిట్ల పొడవుంటుంది, లోపల సరుకు 10 బిట్లే. పైగా గాల్లో వదిలిన పిన్ అన్ని విలువలూ చూపించదు, ఒకే చోట అటూ ఇటూ ఊగుతుంటుంది.

ఫ్రిస్కో_ఫణి
లావా దీపాల గురించి రెండు ముక్కలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో క్లౌడ్‌ఫ్లేర్ ఆఫీసు లాబీలో సుమారు 100 దీపాలు ఒక గోడకు అరల్లో పెట్టి ఉంటాయి. కెమెరా వాటిని ఫొటోలు తీస్తూనే ఉంటుంది. ఎవరైనా గోడ ముందు నిలబడి అడ్డం వస్తే ఆ అడ్డం కూడా లెక్కలోకే వస్తుంది. లండన్ ఆఫీసులో జంట లోలకాలు, సింగపూర్‌లో చిన్న యురేనియం బిళ్ల పెట్టారు. అక్కడినుంచి వచ్చింది నేరుగా కీ అయిపోదు. సర్వర్లు మామూలుగా వాడే ర్యాండమ్‌లో దీన్ని అదనంగా కలుపుతారు, అంతే.

ఆలోచన వాళ్లది కాదు. సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ ఇంజినీర్లు 1990ల్లోనే లావారాండ్ అని చేశారు, 1998లో పేటెంట్ వచ్చింది. నాకు నచ్చేది ఆ తర్వాతి కథ. ఆ బృందంలోని ల్యాండన్ కర్ట్ నోల్ తరువాత ఇంకొందరితో కలిసి లావార్నడ్ అనే మరో రూపం చేశాడు. అందులో దీపమే లేదు! వెబ్‌క్యామ్‌ను వెలుతురు చొరబడకుండా మూసేసి, ఆ చీకట్లో సెన్సర్‌లో పుట్టే రొదనే తీసుకున్నారు. దీపాన్ని ఫొటో తీసినప్పుడు కూడా అసలు పని చేసినదాంట్లో పెద్ద వాటా కెమెరాదే అన్నమాట.

ఓరుగల్లు_వాడు
అంటే గంత పెద్ద గోడ ఉత్త షో కోసమేనా?

ఫ్రిస్కో_ఫణి
ఉత్త షో అనను. కాకపోతే లాబీలో చీకటి డబ్బా పెడితే ఆగి చూసేవాళ్లు ఎవరు?

పచ్చీసు_పిన్ని
గవ్వల మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. గవ్వ అంటే నాణెం కాదు. వెల్లకిలా, బోర్లా సమానంగా పడదు. మా ఇంట్లో ఉన్నవాటిలోనే ఒకటి ఎప్పుడూ బోర్లా పడాలనే చూస్తుంది, వీపు అరిగిపోయింది. ఇంకో సంగతి, చేతివాటం. అష్టాచమ్మా ఆడీ ఆడీ చెయ్యి తిరిగినవాళ్లు నాలుగూ బోర్లా పడేలా వెయ్యగలరు. అందుకే మేము చేత్తో వెయ్యనిచ్చేవాళ్లం కాదు, కొబ్బరిచిప్పలో వేసి కుదిపి బోర్లించాలి. చింతపిక్కలు అరగదీసి వాడినా అంతే.

లెక్కలమాస్టారు
పిన్నిగారు మంచి చోట పట్టారు. పక్షపాతం ఉన్న నాణెంతో పక్షపాతం లేని బిట్లు తీసే ఉపాయాన్ని గణితవేత్త ఫాన్ నోయ్‌మన్ 1951లో చెప్పాడు. ఒకే గవ్వను రెండుసార్లు వేయండి. మొదట వెల్లకిలా, తర్వాత బోర్లా పడితే 0 రాసుకోండి. మొదట బోర్లా, తర్వాత వెల్లకిలా అయితే 1. రెండుసార్లూ ఒకేలా పడితే ఆ జతను వదిలేయండి. గవ్వ 60 శాతం వెల్లకిలా పడేదనుకుందాం. 0 రావడానికి అవకాశం 0.6 × 0.4, 1 రావడానికి 0.4 × 0.6. రెండూ 0.24. గవ్వ ఎంత వంకరదైనా ఫలితం సమానమే. కాకపోతే సగానికి పైగా జతలు వృథా పోతాయి. 128 బిట్లకు సుమారు 267 జతలు, అంటే 530కి పైగా వేతలు.

పచ్చీసు_పిన్ని
అన్నిసార్లా! నాలుగు గవ్వలూ ఒకేసారి వేసి, మొదటిదాన్ని రెండోదానితో, మూడోదాన్ని నాలుగోదానితో జత చేస్తే పని తొందరగా అయిపోదూ?

లెక్కలమాస్టారు
అవదమ్మా, అక్కడే కొంప మునుగుతుంది. రెండు గవ్వల వంకరా ఒకటి కాదు కదా. ఒకటి 60 శాతం వెల్లకిలా పడేది, రెండోది 45 శాతం అనుకోండి. మొదటిది వెల్లకిలా, రెండోది బోర్లా: 0.6 × 0.55 = 0.33. తిరగేస్తే: 0.4 × 0.45 = 0.18. ఇక సమానం ఎక్కడుంది? నాలుగూ ఒకేసారి వేయండి, తప్పులేదు. ప్రతి గవ్వకూ గోళ్లరంగుతో గుర్తు పెట్టి, ఈ వేతలో దాని పాటును (అంటే అది ఎలా పడిందో) తర్వాతి వేతలో దాని పాటుతోనే జత చేయాలి.

ఇంకో పొరపాటు కూడా ముందే చెప్తాను. ఆటలోలాగా ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్క మాత్రం రాసుకోకండి. నాలుగు నిఖార్సయిన నాణేల్లో ఏది ఎలా పడిందో విడివిడిగా రాస్తే 4 బిట్లు. వెల్లకిలా పడ్డవాటి సంఖ్య మాత్రం రాస్తే 16 పాట్లలో 6 సార్లు "రెండు" అనే వస్తుంది. ఎక్కువగా వచ్చేదాన్నే ఊహించే శత్రువు ముందు మీకు మిగిలేది 1.4 బిట్లు.

బోరుబావి (కదిరి)
మాస్టారూ, ఇది మా తొమ్మిదో తరగతి పిల్లోడికి చూపిస్తా, సంభావ్యత పాఠం ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. పేకముక్కల సంగతేంది? 52 ముక్కల అమరికలు చాలా ఎక్కువ అంటారు కదా?

లెక్కలమాస్టారు
52 ముక్కలను పేర్చే విధాలు సుమారు 2²²⁵. కాగితం మీద 128 బిట్ల కీకి కావలసినదానికన్నా ఎంతో ఎక్కువ. అయితే అది బాగా కలిపిన పేకకే. రెండు భాగాలు చేసి ముక్కలను ఒకదానిలో ఒకటి దూర్చి కలిపే పద్ధతిలో 7 సార్లయినా కలపాలని బేయర్, డయాకొనిస్ అనే గణితవేత్తలు 1992లో లెక్క తేల్చారు. మన రమ్మీ బల్లల దగ్గర ఎవరు కలుపుతారండీ అలా? ఆట అయ్యాక సెట్లు, సీక్వెన్సులు ఉన్నవి ఉన్నట్టే పేకలో చేరతాయి, నాలుగు సార్లు అటూ ఇటూ తోసి పంచేస్తారు. ఇస్పేటు ఏడు పక్కన ఇస్పేటు ఎనిమిది ఉండే అవకాశం ఎక్కువని తెలిసినవాడికి అదే చాలు.

నాణెం కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు. 3,50,757 సార్లు నాణేలు ఎగరేసిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. ఎగరేసేటప్పుడు ఏ వైపు పైన ఉందో అదే వైపు 50.8 శాతం సార్లు పడింది. కీ పాడయ్యేంత తేడా కాదులెండి. ఇంట్లో చేసుకోదలిస్తే పాచికే మేలు: ఒక వేతకు 2.58 బిట్లు, 50 వేతలకు 129.

కెర్నల్_కాంతం
మాస్టారి లెక్కలన్నీ సరే. కానీ జతలు వదిలేసే పద్ధతి ఇప్పుడు అక్కర్లేదు. వంకర ఎంతైనా ఉండనివ్వండి, ఎక్కువ పోగేసి హ్యాష్ చేయండి, అంటే ఎంత పొడవు డేటానైనా నిర్ణీత పొడవు అంకెగా మార్చే లెక్కలో వేయండి. గవ్వలు 70 శాతం ఒకే వైపు పడేంత చెడ్డవనుకున్నా, ఒక్కో పాటుకు కనీసం 0.51 బిట్లు. నాలుగు గవ్వలు, 63 వేతలు వేస్తే 128 దాటుతుంది. భద్రతకు 100 వేతలు వేసి, పాట్లన్నీ వరసగా ఒక ఫైల్లో పెట్టి ఎస్‌హెచ్‌ఏ-256 చేసి, మొదటి 128 బిట్లు తీసుకోండి. హ్యాష్ చేస్తే ఎంట్రోపీ (ఊహించలేనితనం) పెరగదు, ఉన్నది ఒకచోట చేరుతుంది. 10 బిట్ల అనలాగ్ పిన్‌ను ఎన్నిసార్లు హ్యాష్ చేసినా 10 బిట్లే.

ఇంత చెప్పి ఇప్పుడు ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నాను, ఏమనుకోకండి. ఆ గవ్వల పాట్లు టైప్ చేసేది ఏ ల్యాప్‌టాప్‌లో? ఆ ల్యాప్‌టాప్ శుభ్రంగా ఉంటే, దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ర్యాండమే కీకి చాలు, గవ్వలు అక్కర్లేదు. దాంట్లో ఎవడో చొరబడి ఉంటే, మీరు టైప్ చేసిన గవ్వలనూ వాడు చూస్తాడు. ఏ విధంగా చూసినా గవ్వలు కాపాడే సందర్భం చాలా ఇరుకైనది.

ఫ్రిస్కో_ఫణి
ఆ ఇరుకు సందర్భం మాత్రం నిజంగా ఉందండి. నెట్‌కు తగలని చిన్న పరికరం, దాన్ని తయారు చేసినవాడి ర్యాండమ్ మీద నమ్మకం లేదు. బిట్‌కాయిన్ హార్డ్‌వేర్ వాలెట్లలో (కీలు దాచే చిన్న పరికరాలు) కొన్ని అందుకే పాచికల అంకెలు టైప్ చేయనిస్తాయి. 2023లో మిల్క్ శాడ్ అని పేరు పడ్డ గొడవ గుర్తుందా? లిబ్‌బిట్‌కాయిన్ అనే పనిముట్టు వాలెట్ సీడ్ తయారు చేసేటప్పుడు లోపల 32 బిట్లే వాడింది. బయటికి ఆ సీడ్ 24 పదాలుగా కనిపిస్తుంది, గంభీరంగా. లోపల సుమారు 430 కోట్ల అవకాశాలు. మామూలు కంప్యూటర్ అన్నీ తిప్పేయగలదు, తిప్పేశారు కూడా, డబ్బు పోయింది. వాళ్లు 99 సార్లు పాచిక వేసుకుని ఉంటే ఈ బాధ లేదు.

ఓరుగల్లు_వాడు
నాకు గివన్నీ ఎందుకన్నా. మా తాత నేర్పిన ఒక శతక పద్యం ఉన్నది, ఒక్కో పాదంల మొదటి అక్షరాలు తీసి నడుమ అంకెలు పెడ్తా. ఎవనికి దొరుకుతది?

ఫ్రిస్కో_ఫణి
అందరికన్నా ముందు అదే దొరుకుతుంది తమ్ముడూ. బ్రెయిన్ వాలెట్ అని ఒకప్పుడు బాగా నడిచింది, తనకు నచ్చిన వాక్యాన్ని హ్యాష్ చేసి అదే కీ అనుకోవడం. పాటల పాదాలు, సామెతలు, గ్రంథాల్లో వాక్యాలు అన్నీ వరసబెట్టి హ్యాష్ చేసే ప్రోగ్రామ్‌ను 2015లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభలో బహిరంగంగా చూపించారు. అలాంటి వాలెట్లలో డబ్బు పడగానే ఖాళీ అయ్యేది. అచ్చయిన పద్యం ఏదైనా ఎవడో ఒకడి జాబితాలో ఉంటుంది. మనిషి బుర్ర నుంచి వచ్చిన అంకె దేన్నీ నమ్మొద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య లిపి యంత్రం ఎనిగ్మా ఆపరేటర్లు ఇష్టమొచ్చిన మూడక్షరాలు పెట్టమంటే కీబోర్డు మీద వరస అక్షరాలు, ప్రియురాళ్ల పేర్లు పెట్టేవాళ్లు. ఆ లిపిని ఛేదించే బ్రిటన్ కేంద్రం బ్లెచ్లీ పార్క్ వాళ్లకు అదో పండగ.

మాటలే గుర్తుంచుకోవాలనుకుంటే డైస్‌వేర్ పద్ధతి చూడు. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో పెట్టాడు. ఐదుసార్లు పాచిక వేస్తే 7,776 మాటల జాబితాలో ఒకటి వస్తుంది, మాటకు 12.9 బిట్లు. మాట ఎంచేది నువ్వు కాదు, పాచిక.

శ్రీకాకుళం_చిన్నోడు
మా భావనపాడు తీరం ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం. గైగర్ కౌంటర్ పెట్టి ఆ టిక్కులు లెక్కపెడితే? సింగపూర్‌లో యురేనియం పెట్టారు కదా, మనం ఎందులో తక్కువ.

లెక్కలమాస్టారు
మోనజైట్ అణుశక్తి చట్టం కిందికి వచ్చే ఖనిజం, దాని జోలికి పోకండి బాబూ. ఇసుక అక్కర్లేదు కూడా. ఏమీ పెట్టకపోయినా చిన్న గైగర్ గొట్టం సహజ వికిరణానికే నిమిషానికి 20 టిక్కుల దాకా ఇస్తుంది. టిక్కుకు టిక్కుకు మధ్య ఎంత సేపు ఎడం వచ్చిందో కొలవండి. వరసగా రెండు ఎడాలు తీసుకుని, మొదటిది పెద్దదైతే 0, రెండోది పెద్దదైతే 1, సమానమైతే వదిలేయండి. హాట్‌బిట్స్ అనే వెబ్‌సైట్ 1996 నుంచి ఏళ్ల తరబడి ఈ లెక్క మీదే నడిచింది. బిట్‌కు రెండు టిక్కులు, నిమిషానికి 10 బిట్లు. పావుగంట లోపు 128 వచ్చేస్తాయి. ఇంట్లో దొరికేవాటన్నిటిలో నా ఓటు దీనికే, భౌతికశాస్త్రమే పూచీ పడుతుంది.

బోరుబావి (కదిరి)
గైగర్ గొట్టం ఖర్చు రైతు దగ్గర వసూలు చేయలేను మాస్టారూ. మిక్సీ మోత సంగతి ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో రికార్డు చేసి హ్యాష్ చేస్తే?

కెర్నల్_కాంతం
మిక్సీ మోటారు రొద పెద్దదే కానీ అందులో చాలాభాగం లయగా తిరిగి తిరిగి వచ్చేదే, దాన్ని లెక్కగట్టొచ్చు. పైగా ఫోన్ ఊరికే ఉండదు. రొద తగ్గించే ఫిల్టర్ ఒకటి, ఆపై ఏఏసీ కుదింపు. మనకు కావలసిన చిన్న చిన్న తేడాలను పనికిరాని చెత్త అని అవి ముందే తీసి పారేస్తాయి. వాడాలంటే మిక్సీ ఆపేయండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఫిల్టర్లు లేకుండా, కుదించని ఫైల్లో మైకును రికార్డు చేయండి. ప్రతి నమూనాలో అట్టడుగు బిట్లో మైకు, దాని సర్క్యూటు సొంత రొద ఉంటుంది. ఫణి గారు చెప్పిన మూసేసిన కెమెరా లాంటిదే. అప్పుడు కూడా ఒక్కో నమూనాకు ఎంత ఎంట్రోపీ ఉందో పిసినారిలా లెక్కేసుకోవాలి.

ఆ ఫైలును తర్వాత చెరిపేయడం కూడా గుర్తుంచుకోవాలి. ఫోన్ గ్యాలరీ నెట్‌లో బ్యాకప్ అవుతుంటే మీ కీ విత్తనం ఇంకొకరి సర్వర్‌లో కూచుంటుంది.

ఓరుగల్లు_వాడు
అక్కా, మరి సెన్సెక్స్ చివరి అంకెలు, క్రికెట్ స్కోర్లు... ఇవి గూడ కరెంటు లెక్కనేనా?

లెక్కలమాస్టారు
కీకి అయితే అంతే. కానీ వాటికీ ఒక చోటుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ తన ఎంపిక సంఘానికి సభ్యులను ఇలాంటి బహిరంగ అంకెలతోనే తీస్తుంది. ఫలానా తేదీ లాటరీ అంకెలు వాడతామని ముందే ప్రకటించి, వచ్చాక హ్యాష్ చేసి పేర్లు తీస్తారు. 2004లో దానికి ఆర్ఎఫ్‌సీ 3797 అనే పత్రం రాశారు. ఎవరైనా ఇంట్లో కూర్చుని సరిచూసుకోవచ్చు. అమెరికాలో ప్రమాణాలు చూసే నిస్ట్ సంస్థ 2013 నుంచి నిమిషానికోసారి 512 బిట్లు అందరికీ ప్రకటిస్తోంది, కీగా వాడొద్దని కూడా తనే చెప్తుంది. తిరుమల ఆర్జిత సేవల ఎలక్ట్రానిక్ డిప్, మద్యం దుకాణాల డ్రా లాంటివాటికి ఈ రకం కావాలి. అక్కడ రహస్యం అక్కర్లేదు, ఎవరూ ముందే తిప్పలేదని పదిమందికీ రుజువు కావాలి. కీ దీనికి సరిగ్గా తలకిందులు.

కెర్నల్_కాంతం
ఇక అసలు విషయానికి వద్దాం, గవ్వల దగ్గరే రాత్రయిపోయేట్టుంది. ఇప్పటిదాకా పేరు మోసిన వైఫల్యాల్లో "మూలం సరిపడా వింతగా లేదు" అన్నది నాకు ఒక్కటీ గుర్తు రావడం లేదు. అన్నీ మూలం నుంచి కీ దాకా తెచ్చే దారిలో పోయినవే.

1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్ ఎస్‌ఎస్‌ఎల్ (వెబ్‌సైట్‌తో రహస్యంగా మాట్లాడే పద్ధతి) కీలకు సీడ్‌గా టైము, ప్రాసెస్ నంబర్లు (నడుస్తున్న ప్రోగ్రామ్‌లకు కంప్యూటర్ ఇచ్చే వరస నంబర్లు) వాడింది. బర్క్‌లీలో చదువుతున్న ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ దాన్ని పట్టేశారు. డెబియన్ అనే లినక్స్ రూపానిది ఇంకా ఘోరం. 2006లో కీలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో హెచ్చరిక వస్తోందని రెండు వరుసలు తీసేశారు, వాటిలో ఒకటి ఎంట్రోపీ లోపలికి పోసే దారే. దాదాపు రెండేళ్లు, 2008 మేలో లూసియానో బెల్లో కనిపెట్టేదాకా, ప్రాసెస్ నంబరు తప్ప ఇంకేమీ కలవలేదు. ఒక రకం కంప్యూటర్, ఒక కీ పొడవు తీసుకుంటే పుట్టగలిగిన కీలు 32,767. ఎవరో అన్నీ ముందే తయారు చేసి నెట్‌లో పెట్టేశారు.

మన బోరు పెట్టెకు బాగా దగ్గరగా ఉన్నది 2012 పరిశోధన. నడియా హెనింగర్ బృందం ఇంటర్నెట్ అంతా గాలించి ఆర్‌ఎస్‌ఏ కీలు (రెండు పెద్ద ప్రధానసంఖ్యలను గుణించి చేసేవి) పోగేసి, రెండేసి కీలకు గ.సా.భా. కట్టింది. స్కూల్లో చేసే గ.సా.భా.నే. రెండు పరికరాలకు ఒకే ప్రధానసంఖ్య వచ్చి ఉంటే గ.సా.భా.లో అది బయటపడుతుంది, రెండు కీలూ పోయినట్టే. ఎస్‌ఎస్‌ఎల్ తర్వాతి రూపమైన టీఎల్‌ఎస్ నడిపే యంత్రాల్లో 0.5 శాతం వాటి ప్రైవేట్ కీలు ఇలా చేతికొచ్చాయి. ఎక్కువగా రౌటర్లు, ఫైర్‌వాల్‌లు. డబ్బా విప్పి మొదటిసారి కరెంటు పెట్టగానే కీ తయారు చేస్తాయి. అప్పటికి కీబోర్డు లేదు, డిస్కు లేదు, ఎంట్రోపీ ఏమీ పోగవలేదు. ఒకే మోడల్ పెట్టెలన్నీ ఒకే స్థితిలో నిద్ర లేస్తాయి.

బోరుబావి గారి పెట్టె కూడా అలాగే లేస్తుంది.

బోరుబావి (కదిరి)
భయపెట్టేసినారు అక్కా. ఈఎస్‌పీ32లో హార్డ్‌వేర్ ర్యాండమ్ ఉందంటారే?

కెర్నల్_కాంతం
ఉంది, షరతుతో. వై-ఫై లేదా బ్లూటూత్ రేడియో నడుస్తున్నప్పుడే దాని అంకెలను నిజమైన ర్యాండమ్‌గా తీసుకోమని తయారీదారు పత్రాల్లోనే రాసి ఉంది. రేడియో ఆపి ఉంటే అవి చూడ్డానికి ర్యాండమే, పూచీ లేదు. సెటప్ మొదటి వరుసలోనే కీ చేసి, ఆ తర్వాత వై-ఫై మొదలుపెట్టే కోడ్‌లు బోలెడు చూశాను. క్రమం తిప్పండి. రేడియో లేకుండానే కావాలంటే బూట్‌లోడర్ ర్యాండమ్ ఎనేబుల్ అనే ఫంక్షన్ పిలవాలి, ఏడీసీ (అనలాగ్ పిన్‌ను చదివే భాగం), వై-ఫై వాడేముందు దాన్ని ఆపేయాలి.

మీకైతే ఇంకా తేలిక దారి. కీలు బోర్డులో పుట్టించకండి. ల్యాప్‌టాప్‌లో పుట్టించి ఒక్కో బోర్డుకూ ఎక్కించండి. పైథాన్ అయితే సీక్రెట్స్ మాడ్యూల్ వాడండి, ర్యాండమ్ మాడ్యూల్ కాదు. రెండోది మెర్సెన్ ట్విస్టర్ అనే లెక్క, దాని 32 బిట్ల అంకెలు 624 వరసగా చూస్తే తర్వాతవన్నీ చెప్పేయొచ్చు. గవ్వలు కలపాలని ముచ్చటగా ఉంటే ల్యాప్‌టాప్ ఇచ్చిన 32 బైట్లు, గవ్వల వరుస పక్కపక్కన పెట్టి హ్యాష్ చేయండి. గవ్వలు ఎంత చెడ్డవైనా నష్టం లేదు.

బోరుబావి (కదిరి)
నేను ఒక బోర్డులో అన్నీ సెట్ చేసి, దాని ఫ్లాష్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) మొత్తం కాపీ తీసి మిగతావాటికి ఎక్కిద్దామనుకుంటున్నా. కీ అందులోనే ఉంటే అన్నిటికీ ఒకటే అవుతుంది కదా, వేరుగా రాయాల.

కెర్నల్_కాంతం
అవును, ప్రోగ్రామ్ ఒకచోట, కీ ఎన్‌వీఎస్ భాగంలో (ఫ్లాష్‌లో సెట్టింగులు దాచే చోటు) విడిగా. కీ ఒక్కటే కాదు, ఏ ర్యాండమ్ స్థితినీ కాపీలో రానివ్వకండి.

ఇంకోటి. ఏఈఎస్ ఏ పద్ధతిలో? జీసీఎం అయితే ఒకే కీ మీద ఒకే నాన్స్ (ప్రతి మెసేజ్‌కూ మారాల్సిన అంకె) రెండుసార్లు వాడితే భద్రత కూలిపోతుంది. మీరు నాన్స్‌ను 0 నుంచి లెక్కపెట్టే కౌంటర్‌గా పెట్టి ఉంటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ 0. మీ ఊళ్లో అది రోజుకు ఎన్నిసార్లో మీకే తెలుసు. ప్లేస్టేషన్ 3 సంతకాల కీ 2010లో బయటపడింది ఇలాంటి కారణానికే, ప్రతి సంతకానికీ మారాల్సిన అంకె మారలేదు.

ఓరుగల్లు_వాడు
చూసినవా, కరెంటు ముచ్చట నేను ముందే చెప్పిన.

బోరుబావి (కదిరి)
కౌంటరే పెట్టినా. ఇప్పుడు దాన్ని ప్రతి మెసేజ్‌కూ ఫ్లాష్‌లో రాస్తే ఫ్లాష్ అరిగిపోదా?

కెర్నల్_కాంతం
ఫ్లాష్‌లో ఒక సెక్టార్ సాధారణంగా లక్ష చెరుపుల దాకా తట్టుకుంటుంది, ఎన్‌వీఎస్ రాతలను పంచుతుంది కూడా. అయినా ప్రతిసారీ రాయక్కర్లేదు. బోర్డు లేవగానే ఫ్లాష్‌లో ఉన్న అంకెను చదివి, వెంటనే దానికి 1,000 కలిపి తిరిగి రాసేయండి. తర్వాత వెయ్యి మెసేజ్‌లకు చదివిన అంకె నుంచి మెమరీలోనే లెక్కపెట్టుకోండి. వెయ్యి అయిపోతే ఇంకో వెయ్యి ముందుకు. మధ్యలో కరెంటు పోతే కొన్ని అంకెలు వృథా అవుతాయి, పోనివ్వండి, ఏదీ రెండోసారి రాదు. ఫోన్ వైపు నుంచి వెళ్లేవాటికి వేరే కీ గానీ వేరే ముందుభాగం గానీ పెట్టండి, రెండు వైపులా ఒకే నాన్స్ పడకుండా. పాత అంకెతో వచ్చిన "మోటారు ఆన్" మెసేజ్‌ను పెట్టె తిరస్కరించాలి, లేకపోతే ఎవడో పట్టుకుని మళ్లీ పంపుతాడు.

శ్రీకాకుళం_చిన్నోడు
పెట్టెను స్క్రూడ్రైవర్‌తో విప్పి ఫ్లాష్ చదివేస్తే కీ దొరకదా అండీ?

మోడరేటర్
అది ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్ సంగతి. "పొలం పెట్టెలు: భౌతిక భద్రత" అని కొత్త చర్చ తెరిచాను, అక్కడ అడగండి. బోరుబావి గారూ, మీ బోర్డు ఏ రివిజన్ చిప్పో అక్కడ రాయండి, జవాబు దాన్నిబట్టి మారుతుంది.